వాక్యానికి వరుస కలపాలి

(సొసైటీ వార్షిక సభలో సాయంకాలపు తరగతుల ఉపాధ్యాయుల పక్షాన చేసిన ప్రసంగ పాఠము)



మాకు ఇచ్చిన సమయం అరగంట. ఇచ్చిన విషయం హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు బోధన. విషయం పెద్దది, సమయం చిన్నది. అందుచేత ఇంగ్లీషు మొత్తం గురించి కాక, ఒక్క వాక్యం గురించి మాత్రమే మాట్లాడదలిచాము. వాక్యం ఎలా నిలబడుతుంది, ఎక్కడ కూలుతుంది, కూలినదాన్ని పిల్లవాడి చేతనే తిరిగి ఎలా నిలబెట్టించవచ్చు అన్నదే ఈనాటి మా మాట. వ్యాకరణం అనగానే ఆవులింతలు వస్తాయని మాకు తెలుసు. అందుకని ఒక సంగతితో మొదలుపెడతాము.

కొన్నేళ్ళ క్రిందట మన సాయంకాలపు తరగతికి పదో తరగతి పిల్లవాడొకడు వస్తుండేవాడు. తండ్రి ఆటో నడుపుతారు. పిల్లవాడు లెక్కల్లో గట్టివాడు. ఒక స్కాలర్‌షిప్పు దరఖాస్తులో తన గురించి తాను ఇంగ్లీషులో నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చింది. గైడులో చూసి వ్రాయకుండా, ఎవరినీ అడక్కుండా, తానే వ్రాసుకుని తీసుకుపోయాడు. ఆ కాగితం తీసుకున్న గుమాస్తా దానిని పైకి చదివి, పక్కవారికి కూడా వినిపించి నవ్వాడట. పిల్లవాడు ఇంటికి వచ్చి, "అబ్బా, నాకు ఇంగ్లీషు రాదు, ఇక రాదు కూడా" అన్నాడు. తండ్రి మర్నాడు మా దగ్గరకు వచ్చి, "సార్, మెకానిక్ షెడ్డులో మాట్లాడాను. పరీక్షదాకా కూడా ఎందుకు, ఇప్పుడే పెట్టేస్తాను. పని అన్నా వస్తుంది" అన్నారు.

మేము ఆ కాగితం చూపించమన్నాము. దానిలో ఇలా వుంది: "మై ఫాదర్ ఆటో డ్రైవర్. స్టడీయింగ్ టెన్త్ క్లాస్. ఐ లైక్ రీడింగ్ బుక్స్, టు ప్లే క్రికెట్ అండ్ ఐ హెల్ప్ మై ఫాదర్."

పెద్దలు గమనించవలెను. ఇందులో ఒక్క మాటకు కూడా స్పెల్లింగు తప్పులేదు. ఒక్క మాటకు కూడా అర్థం తప్పలేదు. పిల్లవాడికి మాటలు తెలుసు. చెప్పవలసిన విషయమూ తెలుసు. తెలియనిదల్లా ఇంగ్లీషు వాక్యం ఏ చట్రం మీద నిలుస్తుందో అది. అంతే. దానికి ఇంగ్లీషు రాదు అని పేరు పెట్టాము. ఆ పేరుతో బడి మానిపించబోయాము.

ఇప్పుడు ఆ మూడు తప్పులను ఒక్కొక్కటిగా చూద్దాము. ఇంగ్లీషు రానివారు కూడా దయచేసి వినండి. ఇది మీకు తెలియని విషయం కాదని చివరకు మీరే అంటారు.

మొదటిది, "మై ఫాదర్ ఆటో డ్రైవర్." తెలుగులో "మా నాన్న ఆటో డ్రైవర్" అంటే నిండు వాక్యం. దానికి లోటేమీ లేదు. పిల్లవాడు మంచి తెలుగు వాక్యాన్ని తీసుకుని ఇంగ్లీషు మాటల్లో పెట్టాడు. మేము అతన్ని, "మీ ఇంట్లో ఉర్దూలో ఏమంటారు?" అని అడిగాము. "మేరే అబ్బా ఆటో డ్రైవర్ హై" అన్నాడు. "మరి ఆ హై ఏమైంది? ఇంగ్లీషులో దాని చోటు ఖాళీగా వుంది చూడు" అన్నాము. ఒక్క నిమిషం కాగితం వంక చూసి, తనంతట తానే "ఈజ్" అని వ్రాశాడు. తెలుగు ఆ మాట అడగదు, ఉర్దూ అడుగుతుంది, ఇంగ్లీషు కూడా అడుగుతుంది. మన పిల్లల్లో చాలామందికి రెండు భాషలు ఇంట్లోనే వస్తాయి. మనం దాన్ని బరువు అనుకుంటాము. కాని సరిగా వాడుకుంటే అది ఆస్తి.

రెండవది, "స్టడీయింగ్ టెన్త్ క్లాస్." తెలుగులో "పదో తరగతి చదువుతున్నాను" అంటాము. నేను అనే మాట వేరే అక్కరలేదు. చివరనున్న "ను" చెప్పేస్తుంది చదివేది ఎవరో. చదువుతున్నాడు అంటే అతడు, చదువుతున్నారు అంటే వారు. ఉర్దూలో కూడా చివర "హూఁ" వచ్చిందంటే నేనే. ఇంగ్లీషు క్రియకు ఆ శక్తి చాలా తక్కువ. "స్టడీయింగ్" అంటే ఎవరు చదువుతున్నట్టు? నువ్వా, నేనా, పక్కింటి వారా? అందువల్ల ఇంగ్లీషులో కర్తను ముందుగా కుర్చీ వేసి కూర్చోబెట్టాలి. "ఐ యామ్ స్టడీయింగ్ ఇన్ టెన్త్ క్లాస్." పైగా మన రెండు భాషల్లోనూ క్రియ చివరకు వస్తుంది. "నేను నిన్న బజారుకు వెళ్ళి పుస్తకం కొన్నాను" అన్నప్పుడు ఏం చేశానో తెలియాలంటే చివరిదాకా ఆగాలి. ఇంగ్లీషులో కర్త పక్కనే క్రియ వచ్చి కూర్చుంటుంది. ఈ ఒక్క తేడా తెలియక పిల్లలు క్రియను వెతుక్కుంటూ వాక్యం చివరిదాకా పోతారు. అక్కడికి చేరేసరికి దాన్ని మరచిపోతారు.

మూడవది చాలా ముఖ్యమైనది. "ఐ లైక్ రీడింగ్ బుక్స్, టు ప్లే క్రికెట్ అండ్ ఐ హెల్ప్ మై ఫాదర్." ఇందులో పిల్లవాడు తనకు ఇష్టమైనవి మూడు చెప్పాడు. మూడూ మంచివే. కాని మూడింటికీ మూడు రకాల రూపాలు. దీన్ని సరిచేయడాన్నే ఇంగ్లీషు ఉపాధ్యాయులు ప్యారలలిజం అంటారు. పుస్తక భాషలో సమాంతరత అనవచ్చు. మా తరగతిలో మాత్రం "వరుస కలపడం" అంటాము. మనవాళ్ళు కొత్త మనిషి కనబడగానే వరుస కలిపి, బాబాయి అనో, అత్తయ్య అనో, ఖాలా అనో పిలుస్తారు కదా. అలాగే వాక్యంలో పక్కపక్కన నిలబడే మాటలకు కూడా వరుస కుదరాలి. ఒకే పని చేసే మాటలకు ఒకే రూపం వుండాలి.

దీన్ని మేము నల్లబల్ల మీద సూత్రంగా చెప్పలేదు. తెలుగులో కావాలని వంకరగా ఒక వాక్యం చెప్పాము: "నాకు చదవడం, క్రికెట్ ఆడటానికి, నాన్నకు సాయం చేస్తాను ఇష్టం." తరగతి అంతా గొల్లున నవ్వింది. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా, "సార్, చదవడం, ఆడడం, సాయం చేయడం ఇష్టం అనాలి" అని అరిచారు. "ఎవరు నేర్పారర్రా మీకిది?" అన్నాము. ఎవరూ నేర్పలేదు. వాళ్ళ చెవికే తెలుసు. "మరి మీ ఇంగ్లీషు వాక్యం కూడా ఇలాగే వుంది, చూడండి" అన్నాము. నవ్వు ఆగింది. తలలు నోటుబుక్కుల మీదికి వంగాయి.

ఆ రోజు తరగతిలో ఒక అమ్మాయి వుంది. వాళ్ళ అమ్మ ఇంట్లో బట్టలు కుడతారు. ఆ అమ్మాయి లేచి, "సార్, జాకెట్టు చేతులు రెండూ ఒకే కొలత వుండాలన్నట్టు, అంతేనా?" అంది. అంతే. మేము అరగంట చెప్పినదాన్ని ఆ పిల్ల ఒక్క ముక్కలో చెప్పింది. అప్పటినుంచి మా తరగతిలో ఎవరి వాక్యమైనా వంకర పోతే "చేతులు కొలవరా" అంటారు పిల్లలు.

మన సామెతలు చూడండి. "ఇంట గెలిచి రచ్చ గెలువు" అంటాము. ఇంట అన్న చోట రచ్చ, గెలుపు అన్న చోట గెలుపు. ఉర్దూలో "జైసీ కర్నీ, వైసీ భర్నీ" అంటారు మన పెద్దవాళ్ళు. తక్కెడలో తూచినట్టు రెండు వైపులా సమానం. చదువురాని నానమ్మ నోట కూడా ఈ మాటలు తప్పిపోవు. రూపం సమానంగా వుండడంవల్లనే తరతరాలుగా గుర్తుండిపోయాయి. కనుక సమాంతరత అనేది ఇంగ్లీషు వారు మనకు కొత్తగా ఇచ్చింది కాదు. మన నానమ్మల దగ్గర వున్నదే. పిల్లవాడికి అది గుర్తుచేయడమే మా పని.

ఇక బోధించే పద్ధతి గురించి. ముందు మా తప్పు మేము ఒప్పుకోవాలి. మొదటి రెండేళ్ళు మేము కూడా మాకు నేర్పిన పద్ధతిలోనే నేర్పాము. రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం ముందు పెట్టుకుని, సింపుల్ వాక్యం అంటే ఏమిటి, కాంపౌండ్ అంటే ఏమిటి, కాంప్లెక్స్ అంటే ఏమిటి అని నిర్వచనాలు వల్లె వేయించాము. పుస్తకం మంచిదే, తప్పు పుస్తకానిది కాదు. పిల్లలు నిర్వచనాలు గడగడ అప్పజెప్పారు. వ్యాసం వ్రాయమంటే మాత్రం పాత వాక్యాలే వ్రాశారు. ఈత గురించి ఉపన్యాసం విన్నవాడు చెరువులో దిగితే ఎలా వుంటుందో అలా అయింది.

తరువాత చదివితే తెలిసింది, ఇది మా ఒక్కరి అనుభవం కాదని. అమెరికాలో 1963లో బ్రాడాక్, లాయిడ్ జోన్స్, షోర్ అనే ముగ్గురు అంతవరకు జరిగిన పరిశోధనలన్నీ పరిశీలించి, వ్యాకరణాన్ని వ్యాకరణంగా మాత్రమే నేర్పితే పిల్లల వ్రాత బాగుపడటం లేదని తేల్చారు. 1973లో ఫ్రాంక్ ఓహేర్ అనే ఆయన ఫ్లోరిడాలో ఏడో తరగతి పిల్లల చేత చిన్న చిన్న వాక్యాలను కలిపి పెద్ద వాక్యాలు వ్రాయించాడు. నిర్వచనాలు చెప్పలేదు. ఆ పిల్లల వాక్యాలు వయసుకు మించిన పక్వతతో వచ్చాయి. 2007లో స్టీవ్ గ్రాహమ్, డొలోరెస్ పెరిన్ అనేవారు నాలుగో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లల వ్రాతను మెరుగుపరచిన పద్ధతులను ఏరి పదకొండింటిని చెప్పారు. వాటిలో ఈ వాక్యాలు కలపడం కూడా వుంది. వాళ్ళ పిల్లలకు ఇంగ్లీషు ఇంటి భాష, మన పిల్లలకు బడి భాష. అక్కడి ఫలితం ఇక్కడ అచ్చంగా అలాగే వస్తుందని మేము చెప్పబోము. కాని చేసి చూడదగిన పని అని మాకు తోచింది. చేశాము. ఇప్పుడు మా తరగతిలో మూడు మెట్లు వున్నాయి.

మొదటి మెట్టు రెండు ప్రశ్నలు. ఎవరు? ఏం చేశారు, లేక ఏమై వున్నారు? పిల్లవాడు తాను వ్రాసిన ప్రతి వాక్యం క్రిందా ఈ రెండింటికీ రెండు గీతలు గీయాలి. గీత గీయడానికి మాట దొరకలేదంటే వాక్యం నిలబడలేదన్నమాట. ఉపాధ్యాయుడు ఎర్రసిరా తీయనక్కరలేదు. తప్పు పిల్లవాడికే కనబడుతుంది.

రెండవ మెట్టు కలపడం. మూడు చిన్న వాక్యాలు ఇస్తాము. "ద షాప్ వాజ్ క్లోజ్డ్. ఇట్ వాజ్ రెయినింగ్. వుయ్ వెయిటెడ్ అండర్ ద ట్రీ." కొట్టు మూసి వుంది, వాన కురుస్తోంది, మేము చెట్టు క్రింద ఆగాము. ఈ మూడింటినీ ఒకటి చేయమంటాము. ఒకడు "అండ్", "సో" పెట్టి కలుపుతాడు. ఒకతె "బికాజ్" తో మొదలుపెడుతుంది. ఇంకొకడు "వైల్" వాడతాడు. ఏది సరి అన్న వాదన పుడుతుంది. వాన మీద జోరు ఎక్కడ వుంది, కొట్టు మీద జోరు ఎక్కడ వుంది అని వాళ్ళే చెప్పుకుంటారు. ఈ మెట్టు మీద ఒక ప్రమాదం వుంది. పిల్లలు "బికాజ్ ద షాప్ వాజ్ క్లోజ్డ్" అని వ్రాసి అక్కడే చుక్క పెట్టేస్తారు. అప్పుడు తెలుగులో అడుగుతాము. "కొట్టు మూసి వుంది కాబట్టి..." అని ఆగి, పిల్లల ముఖాలు చూస్తాము. "కాబట్టి ఏమైంది సార్?" అంటారు. "అదే, నీ ఇంగ్లీషు వాక్యాన్ని కూడా చదివేవాడు అలాగే అడుగుతున్నాడు" అంటాము.

మూడవ మెట్టు వరుస కలపడం. దీనికి ఒక చిన్న ఉపాయం వుంది. వాక్యంలో వరుసగా వచ్చేవాటిని పక్కపక్కన కాక, మెట్లలాగా ఒకదాని క్రింద ఒకటి వ్రాయాలి. పైన "ఐ లైక్" అని తల వ్రాసి, క్రింద మొదటి మెట్టు మీద "రీడింగ్ బుక్స్", రెండో దాని మీద "టు ప్లే క్రికెట్", మూడో దాని మీద "ఐ హెల్ప్ మై ఫాదర్" వ్రాయాలి. తరువాత తలను ఒక్కొక్క మెట్టుతో కలిపి పైకి చదవాలి. మూడో దగ్గరకు వచ్చేసరికి "ఐ లైక్ ఐ హెల్ప్ మై ఫాదర్" అని వస్తుంది. చదివినవాడే నాలుక కరుచుకుంటాడు. రెండోది విడిగా చదివితే తప్పు కాదు, "ఐ లైక్ టు ప్లే క్రికెట్" అనవచ్చు. కాని "రీడింగ్" పక్కన నిలబెడితే వరుస కుదరదు. అన్నీ "రీడింగ్, ప్లేయింగ్, హెల్పింగ్" అనైనా వుండాలి, లేదా "టు రీడ్, టు ప్లే, టు హెల్ప్" అనైనా వుండాలి. ఏదైనా సరే, చేతులు సమానం.

"నాట్ ఓన్లీ, బట్ ఆల్సో" వంటి జంట మాటలకు కూడా ఇదే కొలత. మొదటిదాని తరువాత ఏ రకం మాట వస్తే రెండోదాని తరువాత కూడా ఆ రకమే రావాలి. "షి నాట్ ఓన్లీ కుక్స్ బట్ ఆల్సో స్టిచెస్." వంట చేయడమే కాదు, కుడుతుంది కూడా. అటు క్రియ, ఇటు క్రియ. తక్కెడలో ఒక తట్టలో క్రియ వేసి రెండో తట్టలో నామవాచకం వేస్తే ముల్లు నిలవదు.

ఇవి నేర్చిన తరువాత మేము పిల్లలకు ఒక పెద్ద వాక్యం ఇస్తాము. అది ఎక్కడినుంచో తెచ్చింది కాదు. చాలా పాఠ్యపుస్తకాల ముందు పేజీలలో అచ్చయి వుంటుంది. పిల్లలు రోజూ తిప్పేసే పేజీ. మన రాజ్యాంగ ప్రవేశిక. ఇంగ్లీషులో అది అంతా కలిపి ఒకటే వాక్యం. పిల్లలకు ఆ సంగతి చెబితే నమ్మరు, చుక్కలు లెక్కపెడతారు. అప్పుడు మొదటి మెట్టు ప్రశ్న వేస్తాము: ఎవరు? భారతదేశ ప్రజలమైన మేము. ఏం చేశాము? దానికి క్రియ కోసం చివరిదాకా వెతకాలి. అక్కడ మూడు క్రియలు వరుసగా కనబడతాయి: అడాప్ట్, ఎనాక్ట్, గివ్. స్వీకరించి, శాసనం చేసి, మనకు మనమే ఇచ్చుకున్నాము. మూడూ ఒకే రూపం. మధ్యలో న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అనే నాలుగు స్తంభాలు, నాలుగూ నామవాచకాలు. న్యాయానికి మళ్ళీ మూడు విశేషణాలు: సాంఘిక, ఆర్థిక, రాజకీయ.

1949 నవంబరు 26న ఆమోదించిన ఆ వాక్యంలో 1976లో 42వ సవరణ ద్వారా కొన్ని మాటలు చేర్చారు. సావరిన్, డెమొక్రాటిక్ అనే విశేషణాల మధ్య సోషలిస్ట్, సెక్యులర్ అనే రెండు విశేషణాలు వచ్చాయి. దేశ ఐక్యత అన్న చోట యూనిటీ పక్కన ఇంటెగ్రిటీ, అనగా అఖండత, చేరింది. నామవాచకం పక్కన నామవాచకం. కట్టిన ఇంట్లో కొత్త ఇటుక పెట్టినా గోడ వరుస చెడకుండా పెట్టారు. పిల్లలు ఇది స్వయంగా కనిపెట్టినప్పుడు వాళ్ళ ముఖాలు చూడాలి. అంత పెద్ద వాక్యం కూలిపోకుండా నిలబడింది వరుస కుదరడం వల్లనే. అందులోని మొదటి మాట "మేము" అన్నది తమ గురించే అని కూడా ఆ రోజు వాళ్ళకు తెలుస్తుంది. ఆ పాఠం ఇంగ్లీషు కంటె పెద్దది.

ఇంకొక విషయం చెప్పకపోతే మా మాట అసంపూర్ణమవుతుంది. వరుస కలపడం నేర్చిన కొత్తలో పిల్లలు అన్నిటినీ ఒకే వరుసలో పెట్టేస్తారు. ఒక అమ్మాయి సెలవుల గురించి వ్రాస్తూ, "మై గ్రాండ్‌ఫాదర్ డైడ్, మై అంకుల్ కేమ్ అండ్ మై బ్రదర్ బాట్ బనానాస్" అని వ్రాసింది. తాతయ్య పోయారు, బాబాయి వచ్చాడు, అన్నయ్య అరటిపండ్లు కొన్నాడు. వ్యాకరణం చూస్తే తప్పు పట్టలేము. మూడు కర్తలు, మూడు క్రియలు, చేతుల కొలత సరిపోయింది. కాని మేము ఆ అమ్మాయిని దగ్గర కూర్చోబెట్టుకుని, "బేటీ, తాతయ్య పోవడమూ అరటిపండ్లు కొనడమూ ఒక వరుసలోవా?" అని అడిగాము. ఆ పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తరువాత కాగితం తీసుకుని "మై గ్రాండ్‌ఫాదర్ డైడ్" అని వ్రాసి చుక్క పెట్టింది. మిగతావి వేరే వ్రాసుకుంది.

ఆ చుక్క మేము నేర్పింది కాదు. రూపం సమానంగా వుండాలంటే ముందు విషయం సమానంగా వుండాలి. ఏది దేనితో సమానమో, ఏది విడిగా నిలబడవలసినదో తేల్చుకోవడం వ్యాకరణం కాదు, ఆలోచన. వాక్యం నేర్పడమంటే చివరకు ఆలోచన నేర్పడమే అని మాకు ఆ రోజు బోధపడింది.

ఇప్పుడు తల్లిదండ్రులకు ఒక మనవి. "మాకు ఇంగ్లీషు రాదు, మేమేం చూడగలం?" అని మీరు అంటారు. చూడగలరు. రాత్రి భోజనాలయ్యాక పిల్లవాణ్ణి తాను వ్రాసిన ఒక్క వాక్యం చదవమనండి. తెలుగులోనో ఉర్దూలోనో దాని అర్థం చెప్పమనండి. తరువాత రెండు ప్రశ్నలు వేయండి: ఎవరు? ఏం చేశారు? సమాధానం చెప్పి, ఆ మాటలు కాగితం మీద వేలు పెట్టి చూపించగలిగితే వాక్యం నిలబడింది. చూపించలేక తడబడితే రేపు మా దగ్గరకు పంపండి. ఐదు నిమిషాల పని. దీనికి కావలసింది మీ ఇంగ్లీషు కాదు, మీరు పక్కన కూర్చోవడం.

దయచేసి నవ్వకండి. తప్పు వాక్యం విని నవ్వినవాడు ఆ పిల్లవాడి నోటికి తాళం వేసినవాడు. మేము తెలుగు వంకర వాక్యం చెప్పి నవ్వించాము నిజమే, కాని ఆ వాక్యం మాది. పిల్లవాడి వాక్యాన్ని నలుగురిలో చదివి నవ్వడం వేరు.

సొసైటీ పెద్దలకు కూడా ఒక విన్నపము. మన సొసైటీ ప్రతి సంవత్సరం పదో తరగతి పిల్లలకు నోటుబుక్కులతో పాటు ఇంగ్లీషు గైడ్లు పంచుతున్నది. దాతలు మంచి మనసుతో ఇస్తున్నారు, వారికి మా కృతజ్ఞతలు. కాని గైడులో వున్నవి ఇంకొకరి వాక్యాలు. పిల్లవాడు వాటిని బట్టీ పట్టి పరీక్షలో దింపేస్తాడు, మార్కులు కూడా వస్తాయి. ఆ తరువాత బ్యాంకులో, కాలేజీలో, ఉద్యోగంలో తన గురించి తాను వ్రాయవలసి వచ్చినప్పుడు ఏ గైడులోనూ ఆ వాక్యం దొరకదు. ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలదీ ఇదే స్థితి. పుస్తకాలు ఇంగ్లీషులో వున్నంత మాత్రాన సొంత వాక్యం రాదు. కనుక రాబోయే సంవత్సరం గైడ్లకు పెట్టే డబ్బులో సగమైనా ఖాళీ నోటుబుక్కులకు, ఆదివారం ఉదయం ఒక గంట వాక్యాల తరగతికి కేటాయించవలసినదిగా కోరుతున్నాము. మాకు జీతం అక్కరలేదు. ఒక గది, ఒక నల్లబల్ల, సరైన లైటు చాలు.

మొదట చెప్పిన పిల్లవాడి సంగతి ఏమైందని మీరు అడగవచ్చు. ఆ స్కాలర్‌షిప్పు రాలేదు. కాగితం సరిచేసేటప్పటికి గడువు దాటిపోయింది. అది నిజం, దాచడం లేదు. కాని తండ్రిని మేము రెండు నెలలు గడువు అడిగాము, వారు పెద్దమనసుతో ఇచ్చారు. పిల్లవాడు ఆ మూడు వాక్యాలనూ తన చేత్తోనే తిరగవ్రాశాడు: "మై ఫాదర్ ఈజ్ ఎన్ ఆటో డ్రైవర్. ఐ యామ్ స్టడీయింగ్ ఇన్ టెన్త్ క్లాస్. ఐ లైక్ రీడింగ్ బుక్స్, ప్లేయింగ్ క్రికెట్ అండ్ హెల్పింగ్ మై ఫాదర్." పదో తరగతి ప్యాసయ్యాడు. ఇంగ్లీషులో గొప్ప మార్కులేమీ కాదు, కాని గైడు వాక్యాలతో వచ్చిన మార్కులు కావు. ఇంటర్‌లో చేరిన తరువాత కూడా మన తరగతికి వచ్చి చిన్నపిల్లల పక్కన కూర్చుని "చేతులు కొలవరా" అని చెబుతుండేవాడు.

వాళ్ళ నాన్నగారు ఒకసారి ఆ పాత కాగితం, కొత్త కాగితం రెండూ పక్కపక్కన పెట్టి చూపించమన్నారు. చూపించాము. తేడా ఎక్కడెక్కడ వుందో వేలితో చూపించాము. ఆయన కొంతసేపు చూసి, "ఇంతేనా సార్? రెండు మూడు చిన్న మాటల కోసం పిల్లవాణ్ణి బడి మానిపించబోయాను" అన్నారు.

మాకు ఇచ్చిన అరగంట అయిపోయింది.  ఆదివారం తరగతికి గది సంగతి మాత్రం అధ్యక్షులవారు మరచిపోరని నమ్ముతున్నాము.